కడుపుతో ఉన్న పిల్ల పేరు ఏ రిజిస్టరులో ఉంది?

(గ్రాంట్ రోడ్ కామాటిపురా తెలుగు చాళ్లలో, తొలి కాన్పుకు ఎదురుచూస్తున్న జంటల కోసం మన యూనియన్ జరిపిన ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బోనస్ గురించో, గ్రాట్యుటీ గురించో, మూతపడ్డ గిర్ణీల కార్మికులకు రావలసిన ఇళ్ల గురించో మాట్లాడుతామనుకొని మీలో కొందరు వచ్చి ఉంటారు. వాటిని ఈ పూటకు పక్కన పెట్టాం. ఈ గల్లీల్లో ఈ యేడు మొదటి బిడ్డ కోసం చూస్తున్న ఇళ్లు కొన్ని ఉన్నాయి. వాళ్లతో మాట్లాడాలనే ఈ సభ. "కడుపుతో ఉన్న పిల్ల సంగతి యూనియన్‌కెందుకు? అది ఆడవాళ్లు చూసుకునేది" అని ఇందాక మెట్ల మీద ఒక పెద్దమనిషి అన్నారు. ఆయన కూడా ఇక్కడే కూర్చున్నారు, సంతోషం. మేము చెప్పబోయేదంతా ఆయన మాటకు జవాబే.

ముందు ఒక దినచర్య చెబుతాం. ఇది ఫలానా ఇంటిది కాదు, ఈ చాళ్లలో చాలా ఇళ్లకు సరిపోతుంది. పది అడుగుల ఖోలీ. అందులో అత్తమ్మ, మామ, మరిది, కొడుకు, కోడలు. మామ గిర్ణీలో పనిచేసినవాడు. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో వీధిన పడ్డ సుమారు రెండున్నర లక్షల మందిలో ఒకడు. కొడుకు బట్టల కార్ఖానాలో రాత్రి పాళీ చేస్తాడు. కోడలికి ఐదో నెల. తెల్లారి నాలుగు గంటలకు నల్లా వస్తుంది గనుక ఆమె అప్పుడే లేస్తుంది. బిందె చంకన పెట్టుకొని రెండంతస్తులు ఎక్కుతుంది, మళ్లీ దిగుతుంది. ఎనిమిదికి భర్త వచ్చి పడుకుంటాడు. ఖోలీలో ఇద్దరు పడుకునే జాగా లేదు కాబట్టి ఆమెకు పగటి నిద్ర లేదు. గ్యాలరీలో కూర్చొని, సేటు పంపిన రెడీమేడ్ బట్టల మూట విప్పి దారాలు కత్తిరిస్తుంది. నగానికి ఇంత అని లెక్క. అందరూ తిన్నాక ఆమె తింటుంది. అంతస్తుకంతటికీ ఉన్న పాయఖానా ముందు వరుస పెద్దది. నీళ్లు తాగితే మళ్లీ ఆ వరుసలో నిలబడాలి గదా అని తాగే నీళ్లు కూడా తగ్గిస్తుంది.

ఇందులో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. అత్తమ్మ కూడా తన తొలి చూలు అట్లాగే మోసింది. కానీ నీళ్లు తక్కువ తాగితే మూత్రంలో మంట, జ్వరం వస్తాయి. కడుపుతో ఉన్నప్పుడు అది నెలలు నిండకముందే కాన్పు దాకా తీసుకుపోవచ్చు. బిందె ఎవరు మోయాలి, పాయఖానా వరుసలో ఎవరికి ముందు జాగా ఇవ్వాలి అనేవి చిన్న ప్రశ్నలు కావు. ప్రతి అంతస్తులో ఎనిమిది, పది ఖోలీలుంటాయి, వాటిలో మొగవాళ్లు ఉన్నారు. కడుపుతో ఉన్న మనిషికి బిందె పైకి చేర్చడానికి చట్టం అక్కరలేదు. వాళ్లాయన రాత్రి పాళీలో ఉంటే పక్క ఖోలీ తమ్ముడు మోయవచ్చు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముందో మాకు తెలియదు. వినాయక చవితికి విగ్రహాన్ని మూడంతస్తులు మోసేవాళ్లమే గదా.

ఇక ఆనవాయితీ సంగతి. ఏడో నెల పడగానే ఒడి నింపి, గాజులు తొడిగి పిల్లను తల్లిగారింటికి పంపుతాం. తొలి కాన్పు తల్లిగారిదే. కరీంనగర్ వైపో, నిజామాబాద్ వైపో, నల్లగొండ వైపో, దేవగిరి రైలో, ప్రైవేటు బస్సో ఎక్కిస్తాం. పెద్దలు దీన్ని ఊరికే పెట్టలేదు. ఖోలీ మధ్య చీర అడ్డం కట్టి పురుడు పోసిన రోజులు ఈ చాళ్లలో ఉన్నాయి. మొగవాళ్లంతా గ్యాలరీలోనో, గల్లీలోనో పడుకొనేవారు. తల్లిగారింట్లో కనీసం కాళ్లు చాపుకునే జాగా ఉంటుంది, వేడినీళ్లు పోసే చెయ్యి ఉంటుంది. ఆనవాయితీ మానుకోమని మేము చెప్పడం లేదు. మేము అడిగేది ఒక్కటే: ఆ పిల్ల రైలెక్కే నాటికి ఆమె పేరు ఎక్కడ ఎక్కింది? ఏ ఆసుపత్రి పుస్తకంలో, ఏ కార్ఖానా మస్టరులో, ఏ పథకం జాబితాలో ఎక్కింది?

పేరు ఎక్కకపోతే ఏమవుతుందో ఈ నగరం చరిత్రలోనే ఉంది. 1921లో బొంబాయిలో నమోదైన ప్రతి వెయ్యి జననాలకు ఆరు వందలకు పైగా పసిబిడ్డల మరణాలు నమోదయ్యాయి. ఒంటి ఖోలీ కాపురాల్లో ఈ సంఖ్య ఇంకా ఎక్కువ. గిర్ణీ కార్మికులలో నూటికి తొంభై మందికి పైగా బతికింది ఆ ఒంటి ఖోలీల్లోనే. అంత ఘోరమైన లెక్క ఎట్లా వచ్చింది? కొంత నిజంగా చావులే. మురికి, చీకటి, నీళ్లలాంటి పాలు అందుకు కారణం. మరికొంత లెక్కలో తేడా. ఆడవాళ్లు కాన్పుకు ఊళ్లకు పోయేవారు, బిడ్డ పుట్టిన సంగతి ఈ నగరం పుస్తకంలో ఎక్కేది కాదు. కొన్ని నెలలకు బిడ్డనెత్తుకొని తిరిగొచ్చి గిర్ణీలో చేరేవారు. ఆ బిడ్డ ఈ ఖోలీలో పోతే, చావు మాత్రం ఇక్కడ ఎక్కేది. మనవాళ్ల పిల్లలకు పుట్టుక లేదు, చావు ఉంది. ఈ మాట కొంచెం కటువుగా ఉంది, కానీ లెక్క అదే చెబుతుంది.

ఆ రోజుల్లో బొంబాయి గిర్ణీ కార్మికులలో సుమారు ఐదో వంతు స్త్రీలే. ఎక్కువమంది వైండింగ్, రీలింగ్ ఖాతాలలో ఉండేవారు. నొప్పులు వచ్చేదాకా పని, కాన్పయిన కొద్ది వారాలకే మళ్లీ పని. పాళీకి పోయేటప్పుడు బిడ్డ ఏడవకుండా నల్లమందు కలిసిన 'బాల గోళీ' వేసి నిద్రపుచ్చి పోయేవారు. వాళ్లు రాక్షస తల్లులా? కాదు. పనికి పోకపోతే పగార్ లేదు, పగార్ లేకపోతే తల్లికి తిండి లేదు, తల్లికి తిండి లేకపోతే బిడ్డకు పాలు లేవు.

దీన్ని మార్చడానికి బొంబాయి శాసన మండలిలో బిల్లు వచ్చినప్పుడు, 1928లో డాక్టర్ అంబేడ్కర్ దాని పక్షాన మాట్లాడారు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి ఇవ్వడం దేశానికే మేలు అనీ, ఆ భారం తల్లి ఒక్కతే మోయరాదనీ ఆయన వాదించారు. 1929లో బొంబాయి ప్రసూతి సౌకర్య చట్టం వచ్చింది. మన దేశంలో ఇట్లాంటి చట్టాల్లో ఇదే మొదటిది. ఏడు వారాల దాకా రోజుకు ఎనిమిది అణాల లెక్కన ఇవ్వాలన్నది. ఈ రోజు వింటే నవ్వొస్తుంది గాని, ఆనాడు ఆ ఎనిమిది అణాలు బాల గోళీకి అడ్డుపడ్డాయి.

యజమానులు ఏం చేశారు? పెళ్లయిన వయసు ఆడవాళ్లను పనిలోకి తీసుకోవడం తగ్గించారు. కడుపు కనపడగానే పేరు తీసేసిన చోట్లు ఉన్నాయి. కాలం గడిచిన కొద్దీ గిర్ణీలలో ఆడవాళ్లు తగ్గిపోయారు. దీనికి యంత్రాలు మారడం, రాత్రి పనిపై నిషేధం వంటి కారణాలు కూడా తోడయ్యాయి. అయినా ఈ పాఠం ముఖ్యమైనది: మస్టరులో పేరున్న మనిషికే చట్టం పనిచేస్తుంది. అందుకే యజమాని మొదట చేసే పని పేరు లేకుండా చూసుకోవడం. దాదాపు వందేళ్లు గడిచినా ఆ ఎత్తు అదే.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. చట్టాలు మారాయి, కొన్ని మంచికే మారాయి. 1961 ప్రసూతి సౌకర్య చట్టం 12 వారాలు ఇచ్చింది. 2017లో దాన్ని మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు చేశారు. ఇందులో కాన్పుకు ముందు ఎనిమిది వారాల దాకా తీసుకోవచ్చు. కాన్పుకు ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. 2025 నవంబరు 21 నుండి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చి, ఈ చట్టాన్నీ, ఈఎస్‌ఐ చట్టాన్నీ తనలో కలుపుకుంది. ఆ కోడ్ల మీద మన అభ్యంతరాలు వేరే సభలో చెప్పుకుందాం. 26 వారాలు, 80 రోజులు అన్నవి మాత్రం అందులోనూ ఉన్నాయి. కడుపుతో ఉందని పనిలోంచి తీసేయడం అప్పుడూ నేరమే, ఇప్పుడూ నేరమే.

"మేం పర్మనెంట్ కాదు గదా, రోజు కూలీ గదా" అని చెల్లెళ్లు అంటారు. 2000 మార్చి 8న సుప్రీంకోర్టు తీర్పు ఒకటి గుర్తు పెట్టుకోండి. ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్‌లో మస్టర్ రోల్ మీద రోజు కూలికి పనిచేసే స్త్రీలు, పర్మనెంటువాళ్లకిచ్చే ప్రసూతి సెలవు తమకూ కావాలని కొట్లాడారు, గెలిచారు. తల్లి కావడానికి పర్మనెంట్, టెంపరరీ అనే తేడా లేదని తేలిపోయింది. రోడ్ల మీద పనిచేసే ఆడవాళ్లు సంఘం పెట్టుకొని సాధించిన తీర్పు ఇది. గార్మెంట్ కార్ఖానాలో బదిలీగా పనిచేసే చెల్లె కూడా దీన్ని చూపించవచ్చు.

ఈఎస్‌ఐ సంగతిలో మనవాళ్లకు గందరగోళం ఎక్కువ, అందుకని కొంచెం నింపాదిగా చెబుతాం. పది మంది, అంతకు పైగా పనిచేసే కార్ఖానా అయితే, నెలకు 21,000 రూపాయలు దాటని పగార్ ఉన్నవారికి ఈఎస్‌ఐ ఉండాలి. పగార్‌లోంచి నూటికి ముప్పావు రూపాయి కోస్తారు, యజమాని మూడుంబావు వేస్తాడు. ఇప్పుడు రెండు సందర్భాలు చూడండి. పని చేసేది భార్యే అయి, ఈఎస్‌ఐ ఆమె పేరు మీదే ఉంటే, ముందరి రెండు చందా కాలాల్లో 70 రోజుల చందా పడి ఉండగానే 26 వారాల పాటు పూర్తి పగార్ ఈఎస్‌ఐ ఇస్తుంది. సేటు జేబులోంచి పోయేది ఏమీ లేదు. ఈ మాట సేటుకు తెలియజెప్పండి, సగం కొట్లాట అక్కడే తీరుతుంది. ఈఎస్‌ఐ భర్త పేరు మీద ఉంటే భార్యకు పగార్ రాదు గాని, కాన్పు వైద్యం మొత్తం వస్తుంది. అందుకు భార్య పేరు కార్డులో ఎక్కి ఉండాలి. పెళ్లయి రెండేళ్లయినా కార్డులో అమ్మ, నాయినల పేర్లే ఉన్న తమ్ముళ్లు ఎందరో ఉన్నారు.

ఇంకొకటి. ఊళ్లో తల్లిగారింటి దగ్గర ఈఎస్‌ఐ ఆసుపత్రి లేకపోతే, కాన్పు ఖర్చు కింద కొంత సొమ్ము ఇచ్చే నియమం ఉంది. భర్త ఈఎస్‌ఐ మీద కూడా ఇది వర్తిస్తుంది. ఈ సొమ్మును 5,000 నుండి 7,500 రూపాయలకు పెంచారు. రెండు కాన్పుల వరకు ఇస్తారు. ఊరికి పంపే మన ఆనవాయితీకి సరిగ్గా సరిపోయే నియమం ఇది. ఆసుపత్రి కాగితం, బిడ్డ జనన ధ్రువపత్రం జాగ్రత్తగా తెచ్చుకుంటే చాలు.

పేరు ఎక్కడా లేనివాళ్ల మాట? మన బంధువులు వేలమంది ఉన్న భివండీ చూడండి. ఒకే షెడ్డులోని సాంచాలను నలుగురి పేర్ల మీద చీల్చి, ఒక్కో పేరు కింద పది మంది లేరని చూపిస్తారు. సాంచాలు నడిపే తమ్ముడికి ఈఎస్‌ఐ లేదు, కండెలు చుట్టే చెల్లెకు అసలు లెక్కే లేదు. ఇక్కడ గ్యాలరీలో దారాలు కత్తిరించే కోడలు సంగతీ అంతే. సేటు దృష్టిలో ఆమె కార్మికురాలు కాదు, "ఇంట్లో ఊరికే కూర్చున్న మనిషి". బీడీలు చుట్టేవాళ్ల విషయంలో 1966లోనే చట్టం ఇంటి దగ్గర పనిచేసేవారిని కూడా కార్మికులుగా గుర్తించింది. బీడీ సంఘాలు పట్టుబట్టిన చోట ప్రసూతి సొమ్ము వచ్చింది. బట్టల పనిలో ఆ పట్టు ఇంకా రాలేదు. మూటలు ఎప్పుడొచ్చాయి, ఎన్ని నగాలు, ఎంత ఇచ్చారు అన్నది ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. రేపు కొట్లాడటానికి కావలసిన మొదటి ఆయుధం ఆ పుస్తకమే.

అంతదాకా ప్రభుత్వ పథకం ఒకటి ఉంది. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద మొదటి కాన్పుకు 5,000 రూపాయలు వస్తాయి. ఇరవై ఆరు వారాల పగార్ ఎక్కడ, ఐదు వేలు ఎక్కడ! అయినా వదులుకోవద్దు. ఈ-శ్రమ్ కార్డు ఉన్నవారికి అర్హత ఉంది. గర్భం నమోదై, కనీసం ఒక పరీక్ష జరిగి ఉండాలి. బిడ్డ పుట్టాక జననం నమోదు, టీకాలు చూపితే మిగతా సొమ్ము పడుతుంది. అంగన్‌వాడీ అక్కను కలవండి.

ఆసుపత్రుల విషయంలో మనం ఉన్న చోటు చెడ్డది కాదు. నడిచి పోయే దూరంలో 1921 నాటి నాయర్ ఆసుపత్రి ఉంది. ఇటు జె.జె. ఉంది, బోరీబందర్ వైపు పోతే ఆడవాళ్ల కోసమే 1886లో తెరిచిన కామా ఉంది. పరేల్‌లోని వాడియా ప్రసూతి ఆసుపత్రిని 1926లో గిర్ణీ యజమానుల కుటుంబమే, గిర్ణీ కార్మికుల భార్యలను దృష్టిలో పెట్టుకొని కట్టింది. దానం వాళ్లదే, కానీ ఆ డబ్బు ఏ సాంచాల మీద పుట్టిందో మన తాతలకు తెలుసు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు, పెద్ద ఆపరేషన్ అయినా సరే, 2011 నుండి జననీ శిశు సురక్ష కింద ఉచితంగా జరగాలి. మందులు, పరీక్షలు, అక్కడున్నన్ని రోజుల తిండి కూడా అందులోనే.

కాబట్టి ఊరికి పంపేవాళ్లకు మేము చెప్పే వరుస ఇది. మూడో నెల లోపల ఇక్కడే పేరు రాయించండి. రక్తం గ్రూపు, రక్తం శాతం, షుగర్, బీపీ చూపించండి, ధనుర్వాతం సూది వేయించండి. తల్లీబిడ్డల కార్డు ఆమె చేతికి వస్తుంది. రైలెక్కేటప్పుడు ఆ కార్డు గాజుల డబ్బాలో కాదు, చేతి సంచిలో ఉండాలి. అక్కడ దిగిన వారం లోపల ఆశా కార్యకర్త దగ్గర మళ్లీ పేరు రాయించాలి. లేకపోతే నొప్పుల రోజున అక్కడి డాక్టరుకు ఈ పిల్ల కొత్త మనిషి. రక్తం గ్రూపు కూడా అప్పుడే మొదలు. కాళ్లతో పాటు మొహం వాచినా, తలనొప్పితో కళ్లు మసకబారినా, రక్తం కనపడినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినా తెల్లారేదాకా ఆగవద్దు. 108కు ఫోను చేయాలి. ఈ నంబరు ఇక్కడా పనిచేస్తుంది, తెలంగాణలోనూ పనిచేస్తుంది.

తిండి గురించి అవ్వలతో కాసేపు తగువు పడక తప్పదు, మన్నించండి. "ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుంది" అనే మాట ఈ చాళ్లలో ఇంకా వినపడుతోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో, మన దేశంలో గర్భిణులలో నూటికి 52 మందికి రక్తం తక్కువగా ఉన్నట్టు తేలింది. రక్తం తక్కువైన తల్లి కాన్పులో కొంచెం రక్తం పోయినా తట్టుకోలేదు. ఇనుము మాత్రలు నూట ఎనభై రోజులు ఉచితంగా ఇస్తారు. అవి మింగితే మలం నల్లగా వస్తుంది, కడుపులో వికారం ఉంటుంది. అందుకని చాలామంది డబ్బాలో దాచిపెడతారు. అన్నం తిన్నాక వేసుకోండి, దాని వెంట చాయ తాగకండి. జొన్నరొట్టె, తోటకూర, పెసరపప్పు, గుడ్డు, వీలైతే చేప తినండి. ఇవి మన వంటలే, కొత్తవి కావు. బాలింతకు నీళ్లు తక్కువ ఇచ్చి, పది రోజులు కారం అన్నమే పెట్టే పథ్యం వద్దు. పాలిచ్చే తల్లికి నీళ్లు, కూరలు ఎక్కువ కావాలి. ముర్రుపాలు పిండి పారబోయవద్దు. బిడ్డకు అదే మొదటి మందు. తలంటు, వేడినీళ్లు, నడుం కట్టు, తొట్టెల పండుగ — ఇవన్నీ చేసుకోండి. వాటితో మాకు పేచీ లేదు.

ఇక తమ్ముళ్లకు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 1997 నుండి తండ్రి సెలవు పదిహేను రోజులుంది. కార్ఖానాలో పనిచేసే మనకు అట్లాంటి చట్టం లేదు. బిడ్డ పుట్టిన కబురు చాలామంది సాంచాల చప్పుడులో, ఫోను చెవికి గట్టిగా అదుముకొని విన్నవాళ్లమే. ఊరికి పోయి మొహం చూసేసరికి ఇరవై ఒకటో రోజు. ఇది మన డిమాండ్ల పట్టీలో చేరాలని మేము అనుకుంటున్నాం. మీ అభిప్రాయం చెప్పండి. అంతదాకా ఉన్నదాన్నయినా వాడుకోండి. పని చేసిన ప్రతి ఇరవై రోజులకు ఒక రోజు పగార్‌తో సెలవు కార్ఖానా కార్మికుడి హక్కు. దాన్ని యాత్రలకో, పెళ్లిళ్లకో ముందే ఖర్చు చేసుకోకుండా, నెలలు నిండే తేదీ చూసుకొని అట్టే పెట్టండి. ఆసుపత్రి పరీక్షకు భార్యతో ఒక్కసారైనా వెళ్లండి. డాక్టరు మరాఠీలోనో, హిందీలోనో చెప్పింది ఊరి నుండి కొత్తగా వచ్చిన పిల్లకు సగమే అర్థమవుతుంది. ఆ మిగతా సగం కోసం మీరు అక్కడ ఉండాలి.

సభ అయిపోగానే వెళ్లిపోకండి. అక్కడ బల్ల దగ్గర మన అక్కలు ఇద్దరు కూర్చుంటారు. ఈఎస్‌ఐ కార్డు, ఈ-శ్రమ్ కార్డు, ఆసుపత్రి కాగితం — ఏది ఉంటే అది చూపించండి. కార్డులో భార్య పేరు ఎక్కని తమ్ముళ్ల చేత ఫారాలు ఈ రోజే నింపిస్తారు. ఏ అంతస్తులో ఎవరికి ఎన్నో నెల, రాత్రిపూట ఎవరిని లేపాలి అన్నది కూడా రాసుకుంటారు. ఇందాక మెట్ల మీద మాట్లాడిన పెద్దమనిషి మూడో అంతస్తులోనే ఉంటారు, రాత్రిళ్లు ఆయనకు నిద్ర పట్టదట. ఆయన పేరే ముందు రాస్తాం.